జ్వరం దిగింది, గుండె దిగలేదు

(పిల్లల ఐసీయూలో పనిచేసే ఒక డాక్టరు, ఆదివారం సాయంత్రం మామూలు శ్రోతల కోసం తెలుగులో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. ఎడమ చెయ్యి గుండె ఎత్తుకి తెచ్చుకోండి. కుడిచేత్తో చూపుడువేలి కొస గట్టిగా నొక్కండి. ఐదు లెక్కపెట్టండి. ఇప్పుడు వదిలేయండి. తెల్లబడిన చోటికి మళ్లీ రంగు ఎంతసేపట్లో వచ్చింది? రెండు సెకన్లు కూడా పట్టి ఉండదు. ఆ ఏసీ కింద కూర్చున్నవాళ్లకి కాస్త ఆలస్యమై ఉంటుంది, కంగారు పడకండి. (నవ్వులు)

దీన్ని మేం క్యాపిల్లరీ రీఫిల్ అంటాం. మిషను అక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు, బిల్లు రాదు. ఇవాళ కోవిడ్ తర్వాత కొందరు పిల్లలకి వచ్చే ఒక జబ్బు గురించి, దాని తీవ్రతని కంప్యూటర్లు ముందే చెప్పగలవా అన్నదాని గురించి కూడా మాట్లాడుకుందాం. కానీ ఈ వేలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

2021 జులై సంగతి. కోవిడ్ రెండో వేవ్ సద్దుమణిగింది. పెద్దవాళ్ల వార్డులు ఖాళీ అవుతున్నాయి, ఆక్సిజన్ కోసం ఫోన్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మా పిల్లల వార్డు నిండటం మొదలైంది. ఒక సాయంత్రం గంట తేడాలో ఇద్దరు పిల్లలు వచ్చారు. పేర్లు చెప్పను.

మొదట నాలుగేళ్ల పాప. ఐదు రోజులుగా జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు మంకెన పువ్వుల్లా ఎర్రబడ్డాయి, అరచేతులు వాచాయి. సీఆర్పీ 210. ఒంట్లో మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష అది; మామూలుగా పది లోపు ఉండాలి. పాపని చూడగానే ఎవరికైనా గుండె జారిపోతుంది. ఆ పాప మాత్రం ఏడుస్తోంది, సూది చూసి నర్సుని తన్నింది.

తర్వాత తొమ్మిదేళ్ల బాబు. చేతిలో చీటీ, దాని మీద ‘అపెండిక్స్ అనుమానం’. నాలుగు రోజులుగా జ్వరం, కడుపునొప్పి, వాంతులు. దద్దుర్లు లేవు. కళ్లు కొద్దిగా ఎర్రగా ఉన్నాయి, అంతే. సీఆర్పీ 90. సర్జన్ వచ్చి కడుపు నొక్కి చూసి, ‘ఇది నా కేసులా లేదండీ’ అని వెళ్లిపోయారు. పారాసిటమాల్ ఇచ్చాం, గంటలో జ్వరం 103 నుంచి 99కి దిగింది. వాళ్లమ్మ ముఖం తేటపడింది. ‘దిగింది కదా మేడమ్, పొద్దున్నే తీసుకెళ్లిపోవచ్చా?’ అంది.

నర్సు నాడి చూసింది. నిమిషానికి 154.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. జ్వరం వస్తే గుండె వేగం పెరుగుతుంది, సెల్సియస్‌లో ఒక్కో డిగ్రీకి సుమారు పది చొప్పున. కాబట్టి జ్వరం దిగితే గుండె కూడా దిగాలి. వీడికి జ్వరం దిగింది, గుండె దిగలేదు. వేలు నొక్కి వదిలాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అప్పుడు వచ్చింది రంగు. పాదాలు చల్లగా ఉన్నాయి. మానిటర్ మీద బీపీ మాత్రం నిక్షేపంగా ఉంది. పిల్లల ఒళ్లు అలాంటిదే. రక్తనాళాలు బిగబట్టి, గుండెని పరిగెత్తించి, ఆఖరి నిమిషం దాకా బీపీని నిలబెడుతుంది. బీపీ పడిపోయేసరికి కథ చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

వాళ్ల నాయనమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఒక మాట అన్నారు. ‘వీడు పొద్దుట్నించీ నాతో పేచీ పెట్టలేదమ్మా’ అని. ఆ మాట కేస్ షీట్‌లో రాశాను. జూనియర్లు నవ్వారు.

అర్ధరాత్రి దాటాక బీపీ పడింది. ఎకో, అంటే గుండె స్కాను, చేస్తే గుండె ఒక్కో దెబ్బకి తోయాల్సిన రక్తంలో మూడింట రెండు వంతులే తోస్తోంది. ఐసీయూలో ఆరు రోజులున్నాడు. పాప మాత్రం ఐసీయూ గడప తొక్కకుండానే ఐదో రోజు ఇంటికెళ్లింది. పరీక్ష కాగితాలే ముందు పెట్టి, ‘ఈ ఇద్దరిలో ఎవరికి ముదురుతుంది?’ అని అడిగితే ఆ రాత్రి నేను కూడా పాప వైపే చూపించేదాన్ని.

ఇద్దరిదీ ఒకటే జబ్బు. పిల్లల్లో కోవిడ్ తర్వాత వచ్చే బహుళ అవయవాల మంట. మిస్-సి అని పత్రికల్లో చదివుంటారు. ఒక తాతగారు ‘మిస్సా, మిసెస్సా?’ అని నన్నడిగారు కూడా. (నవ్వులు)

ఇది మొదట ఎక్కడ బయటపడిందో చెప్తాను. 2020 ఏప్రిల్‌లో లండన్‌లోని ఎవలినా పిల్లల ఆసుపత్రి డాక్టర్లు పది రోజుల వ్యవధిలో ఎనిమిది మంది పిల్లల్ని ఒకేలాంటి షాక్ స్థితిలో చూశారు. వదలని జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి, తర్వాత బీపీ పడిపోవడం. ఒక పద్నాలుగేళ్ల బాబు చనిపోయాడు. మే నెల మొదట్లో లాన్సెట్ పత్రికలో రెండు పేజీల ఉత్తరంలా వచ్చింది ఆ సంగతి. అదే సమయానికి ఇటలీలో బెర్గామో డాక్టర్లు తమ పాత రిజిస్టర్లు తిరగేశారు. పిల్లల్లో జ్వరంతో పాటు రక్తనాళాల్లో మంట పుట్టించే కవాసాకి జబ్బు ఒకటుంది. అలాంటిది అంతకుముందు ఐదేళ్లలో 19 మందికి వస్తే, 2020 ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య రెండు నెలల్లోనే పది మందికి వచ్చింది. మే 14న అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ మిస్-సి అని పేరు పెట్టింది, మర్నాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిర్వచనం ఇచ్చింది.

కవాసాకి అన్నాను కదా. తొమిసాకు కవాసాకి అని టోక్యోలో పిల్లల డాక్టరు. 1961లో మొదటి రోగిని చూశారు, నాలుగేళ్ల బాబు. అదేం జబ్బో ఆయనకి అర్థం కాలేదు, అర్థం కాలేదనే రాసుకున్నారు. అలాంటివాళ్లని ఏరి ఏరి యాభై మంది అయ్యాక 1967లో ప్రచురించారు. ఆరేళ్ల ఓపిక! మిస్-సి గురించి ప్రపంచమంతా ఆయన పేరే తలుచుకుంటున్న రోజుల్లో, 2020 జూన్ 5న, 95 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఇప్పుడు అసలు విషయం. వైరస్ వచ్చినప్పుడు ఈ పిల్లల్లో చాలామందికి ఏమీ కాలేదు. ఒక రోజు జలుబు, అంతే. కొందరికి అదీ లేదు. రెండు నుంచి ఆరు వారాల తర్వాత, ముక్కులో వైరస్ కూడా దొరకని సమయంలో ఒళ్లు మండిపోతుంది. మన ఊళ్లలో చెరువులు తెలుసు కదా. కుండపోతగా వాన కురిసినప్పుడు అందరం గట్టు మీదే ఉంటాం. వాన వెలిసి ఎండ కాశాక, అందరూ ఇళ్లకెళ్లాక, ఏ తెల్లవారుజామునో గట్టు తెగుతుంది. ఎంత వాన పడిందన్నది ఏ గట్టు తెగుతుందో చెప్పదు. గట్టు అనుభవం ఉన్న నీరటి వాన లెక్క చూడడు. ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ బురద ఊట వస్తోంది అని వెతుకుతాడు. మేం చేసే పనీ అదే. ఎవరికి బుంగ పడిందో ముందే కనిపెట్టడం.

ఎందుకు కనిపెట్టాలి అంటే, ఇంటికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో ఐసీయూ లేకపోతే బాబుని ఎప్పుడు కదిలించాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. మందు కూడా. ఈ జబ్బుకి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలో బరువుకి రెండు గ్రాములు. పాతిక కిలోల పిల్లాడికి యాభై గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు పది. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన మందు, చవగ్గా రాదు. పది సీసాల చీటీ చేతిలో పెడితే ఆ నాన్న ముఖం ఎలా మారుతుందో నేను చాలాసార్లు చూశాను. పైగా పది సీసాలంటే లీటరు ద్రవం. గుండె బలంగా ఉన్నవాడికి అది పర్వాలేదు. గుండె నీరసించినవాడికి ఒక్కసారిగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, రెండు దఫాలుగా, నెమ్మదిగా ఇవ్వాలి. స్టెరాయిడ్ మాత్రం చవక, ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. 2021 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మిస్-సితో ఆసుపత్రిలో చేరిన పిల్లలకి స్టెరాయిడ్లు ఇవ్వమని సూచించింది. మాలాంటి చోట్ల పనిచేసేవాళ్లకి అది పెద్ద ఊరట.

మరి ఎవరికి ముదురుతుందో చెప్పే గుర్తులేమైనా ఉన్నాయా? ఉన్నాయి. అమెరికాలో 1,080 మంది పిల్లల రికార్డులు కలిపి చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. ఐదేళ్ల లోపువాళ్ల కంటే ఆరేళ్లు దాటినవాళ్లు ఐసీయూకి ఎక్కువగా వెళ్లారు. ఆయాసం, కడుపునొప్పి ఉన్నవాళ్లు ఎక్కువగా వెళ్లారు. రక్తంలో సీఆర్పీ, అలాగే మంటతో పెరిగే ఫెర్రిటిన్, రక్తం గడ్డకట్టడాన్ని పట్టిచ్చే డీ-డైమర్ పెరిగినవాళ్లు, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్, గుండె మీద ఒత్తిడి పడితే పెరిగే బీఎన్‌పీ ఎక్కువున్నవాళ్లు, ప్లేట్‌లెట్లు, లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గినవాళ్లు. మన బాబుని ఇందులో పెట్టి చూడండి. తొమ్మిదేళ్లు, కడుపునొప్పి. ఆ రాత్రే పంపిన ట్రోపోనిన్ తెల్లారి వచ్చింది, పెరిగి ఉంది. ప్లేట్‌లెట్లు లక్షా పది వేలు. సీఆర్పీ ఒక్కటే పాపకి ఎక్కువ. తక్కినవన్నీ బాబు వైపే వేలు చూపించాయి.

సీఆర్పీ గురించి ఒక చిన్న పిడకల వేట. ఒక ల్యాబ్ దాన్ని లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకో ల్యాబ్ డెసిలీటరుకి. అదే రక్తం ఒకచోట 120, ఇంకోచోట 12. బయటి ఆసుపత్రి కాగితం మీద 12 చూసి ‘కొంచెమే పెరిగింది’ అనుకున్న డాక్టర్లని చూశాను. ఒకసారి అలా అనుకున్నదాంట్లో నేనూ ఉన్నాను. రేపు కంప్యూటర్‌కి అప్పగించినా ఈ తిప్పలు తప్పవు. దానికి పెట్టే తిండిలో రాళ్లు ఏరాలి కదా.

ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. 2021 జనవరిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఒక కార్యక్రమం ప్రకటించాయి. ప్రివెయిల్ కిడ్స్ అని పేరు. ఎనిమిది పరిశోధన బృందాలు, నాలుగేళ్లకి రెండు కోట్ల డాలర్ల దాకా డబ్బు. కోవిడ్ సోకిన పిల్లల రక్తం, లాలాజలం లాంటివాటిలో జన్యువులు, ప్రోటీన్లు ఎలా మారుతున్నాయో చూసి, ఎవరికి మిస్-సి వస్తుంది, వస్తే ఎంత తీవ్రంగా అన్నది కృత్రిమ మేధతో ముందే చెప్పగలమా అన్నది ప్రశ్న.

ఇలాంటి పనుల్లో నాకు బాగా నచ్చినది శాన్ డియాగో వాళ్లది. కిడ్‌మ్యాచ్ అని, 2022లో వచ్చింది. పిల్ల వయసు, ఐదు లక్షణాలు, పదిహేడు రక్తపరీక్షలు ఇస్తే ఇది మిస్-సినా, కవాసాకినా, మామూలు జ్వరమా అని చెబుతుంది. 1,517 మంది పిల్లల రికార్డులతో నేర్పారు దానికి. అందులో మిస్-సి పిల్లలు 69 మందే, గమనించండి. నాకు నచ్చిందేమిటంటే, ముందున్న పిల్ల తను నేర్చుకున్నవాళ్లెవరితోనూ పోలకపోతే అది తీర్పు చెప్పకుండా ఆగిపోతుంది. ‘నాకు తెలీదు’ అనడం నేర్పారు దానికి. మెడికల్ కాలేజీలో మాకు అది ఎవరూ నేర్పలేదు. (నవ్వులు)

కానీ అది ఏ జబ్బో చెబుతుంది. ఎంత ముదురుతుంది అన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిపేసుకుంటే ప్రమాదం. ఎందుకో చిన్న లెక్క వేద్దాం. ఇవి నేను ఉదాహరణకి అనుకుంటున్న అంకెలు. కోవిడ్ వేవ్ అయ్యాక జ్వరంతో పదివేల మంది పిల్లలు వచ్చారనుకుందాం, అందులో నిజంగా మిస్-సి పది మందికి. మన దగ్గరున్న పరీక్ష నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుంది, జబ్బు ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ. గొప్ప పరీక్షే కదా. ఉన్న పది మందిలో తొమ్మిదిమందినో పదిమందినో పట్టుకుంటుంది. లేని 9,990 మందిలో నూటికి ఐదుగురు చొప్పున, అంటే దాదాపు 500 మందిని కూడా పట్టుకుంటుంది. గంట మోగిన 510 మందిలో నిజమైనవాళ్లు పదిమంది. మిగతా 500 మంది తల్లులకి ఆ రాత్రి నిద్ర ఉండదు. అదే పరీక్షని జబ్బు ఖాయమైన పిల్లల మీద, ఎవరికి గుండె దెబ్బతింటుంది అని వాడితే? అక్కడ ముదిరేవాళ్లు వందలో పదుల్లో ఉంటారు. గంట మోగితే చాలాసార్లు నిజంగానే మోగినట్టు. పరీక్ష మారలేదు, క్యూ మారింది.

ఇంకో చిక్కు ఉంది. దీన్ని గురించి జనం పెద్దగా మాట్లాడరు, అందుకే నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను.

తీవ్రత అంటే ఏమిటి? పరిశోధనల్లో చాలాచోట్ల ‘ఐసీయూలో చేరడం’ అని పెట్టుకున్నారు. సులువు కదా, రికార్డులో ఉంటుంది. 2020 జూన్‌లో అమెరికా నుంచి వచ్చిన మొదటి పెద్ద నివేదికల్లో ఒకదాంట్లో 186 మంది పిల్లలున్నారు. నూటికి 80 మంది ఐసీయూకి వెళ్లారు. బీపీ నిలబెట్టే మందులు అవసరమైనవాళ్లు 48 శాతం, వెంటిలేటర్ మీద పెట్టాల్సి వచ్చినవాళ్లు 20 శాతం, చనిపోయినవాళ్లు 2 శాతం. ఎనభైకీ నలభై ఎనిమిదికీ మధ్య ఉన్న ఆ ముప్ఫై రెండు శాతం ఎవరు? వాళ్లలో కొందరు నిజంగానే ఐసీయూ చూపు అవసరమైనవాళ్లు. కొందరు మాత్రం ‘కొత్త జబ్బు, ఎందుకైనా మంచిది’ అని పంపినవాళ్లు అయ్యుంటారు. తప్పు పట్టను, 2020 మేలో నేనైనా పంపేదాన్నే. కానీ ఆ రికార్డులిచ్చి కంప్యూటర్‌కి పాఠం చెబితే అది ఏం నేర్చుకుంటుంది? పిల్లాడి గుండె గురించి కొంత, మా భయం గురించి కొంత. రెండూ కలిపి ‘తీవ్రత’ అని చూపిస్తుంది.

ట్రోపోనిన్ సంగతీ అంతే. అందరికీ చెయ్యరు ఆ పరీక్ష. డాక్టరుకి అనుమానం వస్తేనే రాస్తారు. కాబట్టి రికార్డులో ట్రోపోనిన్ ఎంత ఉందన్నదే కాదు, అసలు ట్రోపోనిన్ చేశారా లేదా అన్నది కూడా జోస్యం చెప్పేస్తుంది. ఎవరో ఒక సీనియర్ డాక్టరు రాత్రి పదకొండింటికి మంచం దగ్గర నిలబడి ‘ఎందుకో నాకు నచ్చట్లేదు, ట్రోపోనిన్ పంపండి’ అన్నారు. కంప్యూటర్ ఆ ‘ఎందుకో’ని కాపీ కొడుతుంది. ఆ డాక్టరు లేని ఊళ్లో ఆ ప్రోగ్రాం పెడితే కాపీ కొట్టడానికి ఏమీ ఉండదు.

జోస్యం ఊరు మారితే పని చెయ్యదనడానికి కవాసాకి జబ్బులోనే పాత ఉదాహరణ ఉంది. 2006లో జపాన్‌లో కొబయాషి స్కోరు తయారుచేశారు. సోడియం 133 లేదా అంతకంటే తగ్గితే రెండు మార్కులు, లివర్ ఎంజైము ఏఎస్‌టీ వంద, ఆపైన ఉంటే రెండు, జ్వరం వచ్చిన నాలుగు రోజుల్లోపే వైద్యం మొదలైతే రెండు, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 80 శాతం, ఆపైన ఉంటే రెండు, సీఆర్పీకి, ప్లేట్‌లెట్లకి, ఏడాదిలోపు వయసుకి తలో మార్కు. మొత్తం పదకొండు. ఎక్కువ మార్కులొస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కి లొంగని పిల్ల అన్నమాట. ఈ పరీక్షలో మాత్రం మార్కులు తక్కువొస్తేనే సంతోషం. జపాన్‌లో అద్భుతంగా పనిచేసింది. ఈ స్కోరుతోనే తీవ్రమైన పిల్లల్ని ఏరి, వాళ్లకి మొదటి నుంచే స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తే, గుండె రక్తనాళాలు దెబ్బతినడం 23 శాతం నుంచి 3 శాతానికి పడిపోయిందని 2012లో లాన్సెట్‌లో వచ్చింది. జోస్యం వైద్యాన్ని మార్చడమంటే అదీ! అదే స్కోరుని ఉత్తర అమెరికా పిల్లల మీద పెడితే ముదిరేవాళ్లలో చాలామందిని జారవిడిచింది. అంకెలు అవే, పిల్లలు వేరు.

మన దగ్గర కాలం కూడా మోసం చేసింది. మిస్-సి అని తేల్చడానికి పిల్లకి అంతకుముందు కోవిడ్ సోకిందని రుజువు కావాలి. పీసీఆర్ చాలాసార్లు నెగెటివ్ వస్తుంది కాబట్టి యాంటీబాడీలు చూసేవాళ్లం. 2020లో పాజిటివ్ వస్తే అర్థం ఉండేది. 2021 జూన్, జులైల్లో భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, దేశమంతా సర్వే చేసింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలున్నాయి. బజార్లో ఆడుకుంటున్న ఆరోగ్యవంతుడైన పిల్లాణ్ని పట్టుకొచ్చి పరీక్ష చేసినా సగానికి పైగా పాజిటివే. ఇంక ఆ పరీక్ష ఏం చెబుతుంది? అదే నెలల్లో వానలు, దోమలు. డెంగీ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్, అన్నిట్లోనూ జ్వరం, దద్దుర్లు, ప్లేట్‌లెట్లు తగ్గడం. డెంగీ పిల్లకి యాంటీబాడీ పాజిటివ్ చూసి మిస్-సి అని స్టెరాయిడ్ మొదలుపెట్టిన సందర్భాలు మా దగ్గరికి వచ్చాయి. స్క్రబ్ టైఫస్ అయితే చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటుంది. బట్టలు పూర్తిగా తీసి చూస్తేనే కనపడుతుంది. డాక్సీసైక్లిన్ మాత్రతో తగ్గిపోయే జబ్బు అది.

డెంగీ మాట వచ్చింది కాబట్టి చెప్తాను, మనవాళ్లకి ప్లేట్‌లెట్ల పిచ్చి. పూటకోసారి కౌంటు, వాట్సాప్‌లో ఫొటో, బొప్పాయి ఆకు రసం, మేక పాలు. డెంగీలో పిల్లని ముంచేది చాలాసార్లు రక్తనాళాల నుంచి నీరు కారిపోవడం. అది కనపడేది రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ పెరగడంలో, కడుపునొప్పిలో, ఆగని వాంతుల్లో, మగతలో. అది కూడా చాలాసార్లు జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుంది. ఇక్కడ కూడా అదే తంతు చూడండి, జ్వరం దిగింది అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే రోజు.

అందుకని మా వార్డులో ఏం చేస్తున్నాం? స్కోరు ఉంది, వాడతాం. కానీ ఒక్కసారి వేసి వదిలెయ్యం. ఆరు గంటలకోసారి అదే కాగితం మీద, అదే వరసలో: నాడి, జ్వరం పక్కపక్కన, వేలు నొక్కితే సెకన్లు, మూత్రం ఎంత పోసింది, పిల్ల ఎలా ఉంది. రోజుకోసారి సీఆర్పీ, ప్లేట్‌లెట్లు, అవసరమైతే ట్రోపోనిన్, ఎకో. కిందటి అంకె పక్కన ఈ అంకె. పాప సీఆర్పీ 210 నుంచి మర్నాటికి 160, ఆ మర్నాటికి 85. బాబుది 90 నుంచి 140. తొలి రాత్రి ఎవరిది పెద్దదని చూశాం, చూడాల్సింది ఎటు నడుస్తోందని. ఆ కాగితంలో ఆఖరి గడి నాయనమ్మ మాట తర్వాత పెట్టాం. ‘ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు’ అని. మొదట్లో జూనియర్లు ఖాళీగా వదిలేసేవారు. ఇప్పుడు రాస్తున్నారు, ‘కార్టూన్ అడగలేదు’, ‘తమ్ముణ్ని కొట్టాడు’ అని. తమ్ముణ్ని కొడితే మాకు సంతోషం.

పరిశోధన ఎటు వెళ్తోందో రెండు మాటలు. మిస్-సి ఒకే దారిలో రావట్లేదని తేలుతోంది. 558 మంది పిల్లల జన్యువులు చూస్తే ఐదుగురిలో, వైరస్‌ని చూసి రేగిన మంటకి బ్రేకు వేసే జన్యువులే పుట్టుకతో పాడై ఉన్నాయి. 2023లో వచ్చిందిది. 2024లో ఇంకో బృందం, దాదాపు మూడోవంతు పిల్లల్లో రక్షణ వ్యవస్థ వైరస్‌లో ఒక ముక్కని చూసి, అదే పోలికున్న మన సొంత ప్రోటీన్ ఒకదాని మీద కూడా పడుతోందని చూపించింది. ఒకే పేరు కింద రెండు మూడు జబ్బులుంటే, అన్నిటికీ కలిపి ఒక జోస్యం ఎలా కుదురుతుంది? ముందు ఏ దారిన వచ్చిందో తెలియాలి. ఈలోగా టీకాలొచ్చాయి, ఒమిక్రాన్ వచ్చింది, మిస్-సి బాగా తగ్గిపోయింది. పిల్లలకది మంచిదే. పరిశోధకుల చేతిలో మాత్రం ఇంక కనిపించని జబ్బు మీద తయారైన పనిముట్లు మిగిలాయి. అవి కవాసాకి మీద, డెంగీ మీద పనికొస్తాయేమో పరీక్షించాలి. నేనైతే డెంగీ మీద ఆశ పెట్టుకున్నాను, ఎందుకంటే ఏటా వర్షాకాలం అది నా గుమ్మం ముందుకొస్తుంది కాబట్టి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మేడమ్, ఇంట్లో పిల్లకి జ్వరం. ఏం చూసి ఆసుపత్రికి తీసుకురావాలి?)

మూడు రోజులైనా జ్వరం వదలకపోతే ఎలాగూ తీసుకురండి. దానికి కళ్లెర్ర, దద్దుర్లు, కడుపునొప్పి తోడైతే రేపటికి ఆగొద్దు. జ్వరం దిగాక కూడా కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం పొయ్యకపోయినా, పిలిస్తే మత్తుగా చూస్తున్నా, ఊపిరి ఎగబీలుస్తున్నా వెంటనే, రాత్రయినా సరే. ఇందాకటి వేలు పరీక్ష చెయ్యండి, కానీ అది రెండు సెకన్లలో వచ్చింది కదా అని పిల్లని ఇంట్లో పెట్టుకోకండి. అది భయపడటానికి పనికొస్తుంది, ధైర్యం తెచ్చుకోవడానికి కాదు.

(ఇంకో శ్రోత: ఆ బాబు ఇప్పుడెలా ఉన్నాడండీ?)

బాగున్నాడు. ఈ పిల్లల్లో చాలామందికి గుండె నెల తిరక్కుండానే మామూలైపోతుంది. అమెరికా లెక్కల్లో 30 రోజులకే 91 శాతం మందికి సర్దుకుంది. వీడికి ఆరు వారాలు పట్టింది. అప్పట్నించి ఎకోకి ఏడాదికోసారి రమ్మన్నాం. పోయినసారి వచ్చినప్పుడు జెల్లీ చల్లగా ఉందని విసుక్కుని, ఫోన్ లాక్కున్నందుకు వాళ్ల నాయనమ్మతో మా గది బయట గట్టిగా పేచీ పెట్టుకున్నాడు. ఆవిడ నా వైపు చూసి, ‘రాసుకోండి డాక్టరమ్మా’ అన్నారు.